వీడియో చూస్తే వస్తుంది, కొత్త లెక్క చూస్తే రాదు: డీపీ ఎక్కడ చిక్కుకుంటోంది?

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఒక పల్లె. వరంగల్‌ల బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్న. రెండు నెలల నుంచి లీట్‌కోడ్ అనే కోడింగ్ సాధన సైట్‌ల డైనమిక్ ప్రోగ్రామింగ్ (డీపీ) లెక్కలు చేస్తున్న, నూటికి పైనే అయినయి. వీడియో చూస్తే అంతా సమజైతది. కొత్త లెక్క ముందట పెట్టుకుంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు. కాయిన్ చేంజ్ రెండోదాంట్ల లూపులు అటూ ఇటూ చేస్తే జవాబు ఎందుకు మారుతదో ఇప్పటికీ అర్థం కాలేదు. మొదటి కాయిన్ చేంజ్‌ల మెమో (ఒకసారి వచ్చిన జవాబులు దాచుకునుడు) పెట్టినా టైమ్ లిమిట్ దాటిపోతున్నది. రికర్షన్ మంచిదా, టేబుల్ మంచిదా? పైథాన్ వదిలి సి ప్లస్ ప్లస్‌కు పోవాల్నా? క్యాంపస్ సెలక్షన్లకు పది వారాలే ఉన్నది.

జవాబు:

నూరు లెక్కలు చేశానన్నారు. వాటిలో వీడియో తెరవకముందు కాగితం మీద మీ మాటల్లో ఒక్క వాక్యం రాసుకున్నవి ఎన్ని? వీడియోలో చెప్పే మనిషి మొదటి రెండు నిమిషాల్లోనే "డీపీ ఆఫ్ ఐ అంటే ఇదీ" అని బోర్డు మీద రాసేస్తాడు. లెక్కలో ఉన్న కష్టమంతా ఆ ముక్కలోనే ఉంది, దాన్నే స్టేట్ అంటారు. ఫార్ములా, లూపులు, బేస్ కేసు దాని వెనకే నడిచొస్తాయి. అది వేరేవాళ్లు చేసిపెట్టాక మిగిలింది టైపింగే. మీకు నూరుసార్లు జరిగిన సాధన అదే. కొత్త లెక్క ముందు చేతులు ఆడకపోవడంలో వింతేమీ లేదు.

పేరు చూసి కూడా కొందరు బెదురుతారు. పెద్ద లెక్కను చిన్నవాటిగా విడగొట్టి, వాటి జవాబులు దాచుకుని వాడే పద్ధతికి 1950లలో అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్మన్ పెట్టిన పేరు ఇది. అక్కడ ప్రోగ్రామింగ్ అంటే ప్రణాళిక వేయడమే తప్ప కోడ్ రాయడం కాదు. గణిత పరిశోధన అంటే గిట్టని పైవాళ్లు అడ్డు చెప్పకుండా ఉండేందుకు గంభీరమైన పేరు ఎంచుకున్నానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కాబట్టి పేరులో అర్థం వెతకడం దండగ.

స్టేట్ అంటే ఏమిటో మీకు తెలిసిన కాజీపేట జంక్షన్‌లో నిలబడి చూద్దాం. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను అక్కడ చీలుతుంది. ఒకటి పెద్దపల్లి, రామగుండం మీదుగా బల్లార్షా వైపు, ఇంకోటి వరంగల్, మహబూబాబాద్ మీదుగా విజయవాడ వైపు. ఒకాయన కాజీపేటలో ఉన్నాడు, ఇక్కడి నుంచి రామగుండానికి ఇంకా కనీసం ఎంత ఖర్చవుతుంది? ఆయన రైల్లో వచ్చాడా, బస్సులో వచ్చాడా, జనగామలో దిగి చాయ్ తాగి వచ్చాడా అన్నది ఈ ప్రశ్నకు అక్కర్లేదు. "కాజీపేటలో ఉన్నాడు" అన్నది చాలు. అదే స్టేట్. ఇప్పుడు ఆయన జేబులో ఒక్కసారికే పనికొచ్చే సగం ధర కూపన్ ఒకటి ఉందనుకోండి. అప్పుడు కాజీపేటలో ఉన్నాడని తెలిస్తే చాలదు, కూపన్ మిగిలిందో అయిపోయిందో కూడా తెలియాలి. స్టేట్‌కు రెండో ఇండెక్స్ పుట్టేది ఇలాగే: స్టేషన్, కూపన్ ఉందా లేదా. ముందుకు పోవాలంటే గతంలోంచి ఏది గుర్తుంచుకోక తప్పదో అది స్టేట్‌లోకి వస్తుంది, మిగిలింది మరిచిపోవచ్చు. రెండు, మూడు డైమెన్షన్ల డీపీ అని భయపెట్టేదంతా ఇంతే.

దీన్ని చేత్తో పట్టుకుని చూడాలంటే అట్‌కోడర్ అనే కోడింగ్ పోటీల సైట్‌లోని ఎడ్యుకేషనల్ డీపీ కాంటెస్ట్‌లో వెకేషన్ అనే మూడో లెక్క చేయండి. సెలవుల్లో రోజుకో పని: సముద్రంలో ఈత, కొండమీద పురుగులు పట్టడం, హోంవర్క్. ఒక్కో రోజు ఒక్కో పనికి ఇన్ని సంతోష పాయింట్లు, ఒకే పని వరుసగా రెండు రోజులు చేయకూడదు, మొత్తం పాయింట్లు అత్యధికం కావాలి. చాలామంది మొదట రాసే స్టేట్: డీపీ[ఐ] అంటే ఐవ రోజు దాకా వచ్చే అత్యధిక పాయింట్లు. రెండు రోజులకే ఇది ఎలా విరుగుతుందో చూడండి. మొదటి రోజు ఈతకు 10, పురుగులకు 9, హోంవర్క్‌కు 0. రెండో రోజు ఈతకు 10, మిగతా రెంటికీ 0. డీపీ[1] = 10 అని రాసుకున్నాం, అది ఈతతో వచ్చింది, కాబట్టి రెండో రోజు ఈత కుదరదు, మొత్తం 10. కానీ మొదటి రోజు పురుగులు, రెండో రోజు ఈత అయితే 19. మొదటి రోజు 9 తక్కువని పారేశాం చూశారా, అక్కడే తప్పింది. నిన్న ఏ పని చేశామన్నది రేపటికి అవసరం, స్టేట్ దాన్ని మరిచిపోయింది. సరైన వాక్యం: "ఐవ రోజు ఈ పనితో ముగిస్తే, ఆ రోజు దాకా వచ్చే అత్యధిక పాయింట్లు." మూడు గడుల వరుస, ఒక్కో గడికి నిన్నటి మిగతా రెండు గడుల్లో పెద్దది కలపాలి. చివరి రోజు మూడింటిలో పెద్దది జవాబు.

రాంగ్ ఆన్సర్ వచ్చినప్పుడు లూపు హద్దుల్లో ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి మార్చి సబ్మిట్ కొట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. ముందు ఇలా రెండు మూడు అంకెల చిన్న ఉదాహరణతో స్టేట్‌నే విరగ్గొట్టి చూడండి. విరిగితే కోడ్ ఎంత సరిచేసినా లాభం లేదు.

ఇక మీ నాణేల సంగతి. మీ వయసువాళ్లు చారాణ బిళ్లతో బేరమాడి ఉండరు. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. పాత చిల్లరలో 5, 10, 20, 25 పైసల బిళ్లలు ఉండేవి. 40 పైసలు వీలైనన్ని తక్కువ బిళ్లలతో ఇవ్వాలి. పెద్దదాంతో మొదలుపెట్టే గ్రీడీ అయితే 25, 10, 5 అని మూడు బిళ్లలు తీస్తుంది. 20, 20 ఇస్తే రెండే. ఇప్పటి 1, 2, 5, 10, 20 రూపాయలకు గ్రీడీ ఎప్పుడూ తప్పదు, అందుకే కిరాణా కొట్టులో ఎవరికీ డీపీ అక్కర రాదు.

వాక్యం రాద్దాం: "డీపీ[మొత్తం] అంటే సరిగ్గా అంత మొత్తం ఇవ్వడానికి పట్టే కనీస బిళ్లల సంఖ్య." ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చివరగా పెట్టిన బిళ్ల ఏది? 40కి చివరి బిళ్ల 5 అయితే ముందు 35 ఇచ్చి ఉండాలి, 10 అయితే 30, 20 అయితే 20, 25 అయితే 15. చిన్న మొత్తాల జవాబులు ముందే నింపుకున్నాం: 15కి 2, 20కి 1, 30కి 2, 35కి 2. ఒక్కోదానికి ఒకటి కలిపితే 3, 3, 2, 3. కనిష్ఠం 2. కోడ్‌లో లోపలి లూపు చేసేది ఇదే.

వాక్యంలోని "సరిగ్గా" అనే మాట తేలిగ్గా తీసుకోకండి. బేస్ కేసును నిర్ణయించేది అదే. "సరిగ్గా" అయితే డీపీ[0] = 0, మిగతావన్నీ అనంతం, అంటే ఇంకా అసాధ్యం. "ఇంతకు మించకుండా" అని అడిగే న్యాప్‌సాక్ (సంచి మోసే బరువులోపు ఎక్కువ విలువ నింపే లెక్క) లాంటి వాటిలో అన్నీ 0తో మొదలుపెట్టవచ్చు. శాంపిల్ కేసులు పాసై దాచిన కేసుల్లో పోయే కోడ్‌లలో ఈ రెండూ కలిసిపోయినవి తరచూ కనిపిస్తాయి.

లూపుల తారుమారు: కాయిన్ చేంజ్ రెండోది ఎన్ని బిళ్లలని అడగదు, ఎన్ని విధాలని అడుగుతుంది. 5, 10 బిళ్లలతో 15 ఇవ్వాలి. బిళ్ల లూపు బయట, మొత్తం లూపు లోపల పెట్టండి. డీపీ[0] = 1. ముందు 5 బిళ్ల ఒక్కటే చేతిలో ఉంది: డీపీ[5], డీపీ[10], డీపీ[15] మూడూ 1. ఇప్పుడు 10 బిళ్ల వచ్చింది: డీపీ[10]కి డీపీ[0] కలిసి 2, డీపీ[15]కి డీపీ[5] కలిసి 2. జవాబు 2: మూడు అయిదులు, లేదా ఒక అయిదూ ఒక పదీ. ఇక్కడ 10 బిళ్ల వచ్చాక మళ్లీ 5 వైపు చూడం, కాబట్టి "పది తర్వాత అయిదు" అనే వరస పుట్టే వీలే లేదు.

తిప్పి పెట్టండి, మొత్తం బయట, బిళ్ల లోపల. డీపీ[5] = 1. డీపీ[10] = డీపీ[5] + డీపీ[0] = 2. డీపీ[15] = డీపీ[10] + డీపీ[5] = 3. ఆ మూడోది ఎక్కడిది? ప్రతి మొత్తం దగ్గరా రెండు బిళ్లల్నీ "చివరి బిళ్ల"గా నిలబెట్టాం, అందుకే 5 తర్వాత 10, 10 తర్వాత 5 వేర్వేరుగా లెక్కకొచ్చాయి. మొదటి పద్ధతి గుంపుల్ని లెక్కపెడుతుంది, రెండోది వరసల్ని. రెండూ సరైనవే, వేర్వేరు ప్రశ్నలకు. సీఎస్ఈఎస్ అనే ఇంకో సాధన సైట్‌లో కాయిన్ కాంబినేషన్స్ మొదటిది వరసలు అడుగుతుంది, రెండోది గుంపులు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకే పూట చేయండి. లీట్‌కోడ్‌లో కాంబినేషన్ సమ్ నాలుగోది పేరుకు కాంబినేషన్, అడిగేది మాత్రం వరసలనే. పేరు నమ్మి మోసపోయేవాళ్లకు లెక్కలేదు. కనీస బిళ్లల లెక్కకు మాత్రం లూపులు ఎటు పెట్టినా ఒకటే, ఎందుకంటే కనిష్ఠం తీసేటప్పుడు ఒకే గుంపు రెండుసార్లు వచ్చినా జవాబు మారదు. లెక్కపెట్టేటప్పుడే వస్తుంది తంటా.

మెమో పెట్టినా టైమ్ అయిపోతోందంటే కోడ్ చూడకుండా ఖాయంగా చెప్పలేం గానీ, ఈ లెక్కలో దొంగ సాధారణంగా ఒకడే: మైనస్ ఒకటి. అరే అంతా −1తో నింపి "ఇంకా లెక్కించలేదు" అనుకుంటారు. అదే ఫంక్షన్ అసాధ్యమైన మొత్తానికి −1 తిరిగిస్తుంది, అదీ అరేలోకే పోతుంది. మరుసటిసారి అక్కడికి వచ్చినప్పుడు −1 కనిపిస్తుంది, లెక్కించలేదనుకుని మళ్లీ మొదటి నుంచి చేస్తుంది. 2, 4, 6 బిళ్లలిచ్చి 101 అడిగితే ఏ మెట్టులోనూ సాధ్యం కాదు, కాబట్టి ప్రతి గడిలోనూ −1, అంటే మెమో ఉండీ లేనట్టే. జవాబు సరిగ్గానే వస్తుంది కనుక దొంగ దొరకడు. లెక్కించలేదనడానికి −2 గానీ పైథాన్‌లో నన్ గానీ పెట్టండి. లేదంటే లోపలంతా అసాధ్యాన్ని అనంతంగా ఉంచి, చివర్లో ఒక్కసారి −1గా మార్చండి.

రికర్షనా (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం), టేబులా (చిన్న జవాబుల నుంచి వరసగా నింపుకుపోవడం) అన్నది పెద్ద యుద్ధమేమీ కాదు. మెమో లేని ఫిబొనాచీ 40వ సంఖ్యకు ఫంక్షన్ 33,11,60,281 సార్లు పిలవబడుతుంది. మెమో పెడితే 79 సార్లు. లాభమంతా ఇక్కడే వచ్చింది, టేబుల్‌తో వచ్చే అదనపు లాభం చిన్నది. కొత్త లెక్కకు ముందు రికర్షనే రాయండి, ఏ గడి ముందు నింపాలో ఆలోచించే బాధ ఉండదు. అది పాసయ్యాక అదే లెక్కను టేబుల్‌గా మార్చడం విడిగా ఒక సాధన. పైథాన్‌లో మాత్రం రికర్షన్ లోతు హద్దు మామూలుగా 1000. 1 రూపాయి బిళ్లతో 10,000 దాకా దిగితే మీ ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ ఖాయం. హద్దు పెంచుకోవచ్చు, మరీ పెంచితే స్టాక్ నిండి ప్రోగ్రామే కూలుతుంది. లోతు ఎక్కువున్న చోట టేబులే దిక్కు.

టేబుల్‌ను కుదించేటప్పుడు ఇంకో గుంత ఉంది. న్యాప్‌సాక్‌ను ఒకే వరుస అరేతో రాస్తే బరువు లూపు పెద్దదాని నుంచి చిన్నదానికి దిగాలి. ఎందుకో ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాలీతో చూడండి. ట్రాలీ 6 క్వింటాళ్లు మోస్తుంది, ఉన్నది 3 క్వింటాళ్ల సరుకు ఒక్కటే, విలువ 5 అనుకుందాం. కింది నుంచి పైకి పోతే డీపీ[3] = 5 అయింది, తర్వాత డీపీ[6] = డీపీ[3] + 5 = 10. ఒక్క సరుకును రెండుసార్లు ఎక్కించాం! పైనుంచి దిగితే డీపీ[6] లెక్కించే వేళకు డీపీ[3] ఇంకా పాత విలువ 0తోనే ఉంటుంది, జవాబు 5. అదే కాయిన్ చేంజ్‌లో ఒక్కో బిళ్లను ఎన్నిసార్లయినా వాడొచ్చు కాబట్టి కింది నుంచి పైకే పోవాలి. ఒకే కోడ్, లూపు దిశ మారితే లెక్కే మారిపోతుంది.

ఇచ్చిన హద్దుల్ని ముందే చదివే అలవాటు చేసుకోండి, సగం జవాబు అక్కడ దాగి ఉంటుంది. ఎన్, అంటే ఇచ్చిన వస్తువుల సంఖ్య, 20 దాకానే ఉందంటే ఏవి తీసుకున్నామో బిట్లలో దాచుకోవడం కుదురుతుంది, 2 ఘాతం 20 అంటే 10,48,576 స్టేట్లే. 400, 500 దగ్గర ఉంటే మూడు లూపులు నడుస్తాయి. 5000 అయితే రెండు. లక్ష దాటితే ఒక్కో స్టేట్ దగ్గర చాలా తక్కువ పని ఉండాలి. వరుస చెడకుండా ఎంచుకున్న అంకెల్లో అతి పొడవైన, పెరుగుతూ పోయే సబ్‌సీక్వెన్స్ లెక్క లీట్‌కోడ్‌లో 2500 దాకానే, రెండు లూపులతో పోతుంది. సీఎస్ఈఎస్‌లో అదే లెక్క 2 లక్షల దాకా, అక్కడ బైనరీ సెర్చ్ లేకపోతే పాస్ కాదు. అట్‌కోడర్‌లోని రెండు న్యాప్‌సాక్‌లు ఈ సంగతిని ఇంకా బాగా పట్టిస్తాయి. మొదటిదాంట్లో సంచి బరువు లక్ష దాకా, కాబట్టి బరువు ఇండెక్స్. రెండోదాంట్లో బరువు 100 కోట్ల దాకా, అంత అరే ఎక్కడ పెడతాం? కానీ అక్కడ ఒక్కో వస్తువు విలువ 1000కి మించదు, వస్తువులు 100, మొత్తం విలువ లక్షలోపే. కాబట్టి వాక్యం తిరగబడుతుంది: "డీపీ[విలువ] అంటే సరిగ్గా అంత విలువ తేవడానికి పట్టే కనీస బరువు." బరువు సంచిలో పట్టే గడుల్లో పెద్ద విలువే జవాబు. ఇది ఎడిటోరియల్ (సైట్ వాళ్లిచ్చే పరిష్కార వివరణ) చూడకుండా తడితే మీకు డీపీ వచ్చినట్టే లెక్క.

పది వారాలకు ఏం చేయాలి? లీట్‌కోడ్‌లో కొత్త లెక్కలు మూడు వారాలు ఆపండి. అట్‌కోడర్ కాంటెస్ట్‌లో 26 లెక్కలున్నాయి. ముందు రెండు కప్ప లెక్కలు, వెకేషన్, రెండు న్యాప్‌సాక్‌లు, ఎల్‌సీఎస్ (లాంగెస్ట్ కామన్ సబ్‌సీక్వెన్స్), లాంగెస్ట్ పాత్, మొదటి గ్రిడ్, ఈ ఎనిమిది. తర్వాత స్టోన్స్, డెక్, స్లైమ్స్, మ్యాచింగ్, ఇండిపెండెంట్ సెట్. క్యాంపస్ సెలక్షన్ల కోసం ఫ్లవర్స్, చివరి కప్ప లెక్క లాంటి వాటి జోలికి ఇప్పుడు పోవడం చారాణ కోడికి బారాణ మసాలా. నాలుగో వారం నుంచి సీఎస్ఈఎస్ డీపీ విభాగంలో బుక్ షాప్, ఎడిట్ డిస్టెన్స్, రిమూవల్ గేమ్ దాకా చేసి, ఆ తర్వాత లీట్‌కోడ్‌కు తిరిగి రండి.

రోజుకు ఒక కొత్తది, ఒక పాతది, అంతకుమించి వద్దు. కొత్తదానికి 45 నిమిషాలు కాగితం, పెన్ను. స్టేట్ వాక్యం తెలుగులో రాయండి, అయిదారు గడులు చేత్తో నింపండి, అప్పుడే కీబోర్డ్. 45 నిమిషాలకూ రాకపోతే ఎడిటోరియల్‌లో స్టేట్ చెప్పిన ఒక్క వాక్యం చదివి మూసేయండి, ట్రాన్సిషన్, అంటే ఒక గడి నుంచి ఇంకో గడికి పోయే ఫార్ములా, మీరే కట్టండి. అలా చూసి చేసిన ప్రతి లెక్కనూ మూడు రోజుల తర్వాత ఒకసారి, పది రోజుల తర్వాత ఇంకోసారి ఖాళీ ఫైల్‌తో మళ్లీ రాయండి. నోట్‌బుక్‌లో కోడ్ ఎక్కించొద్దు. స్టేట్ వాక్యం, ముందు అనుకున్న తప్పు స్టేట్, అది ఏ చిన్న ఉదాహరణతో విరిగింది, ఈ మూడే రాసుకోండి. తప్పు స్టేట్ల పేజీ నిండేకొద్దీ కొత్త లెక్కలో అదే గుంత దూరం నుంచే కనిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు అన్ని దారులూ తిరిగే బ్రూట్ ఫోర్స్ పది లైన్లలో రాసి, ఎన్ 8 లోపు ఉండే వెయ్యి ర్యాండమ్ కేసులు దానికీ, మీ కోడ్‌కూ ఇవ్వండి. తేడా వచ్చిన మొదటి కేసు చాలా చిన్నగా ఉంటుంది, దాన్ని చేత్తో చేస్తే దొంగ దొరుకుతాడు.

భాష విషయం: పది వారాల ముందు మార్చొద్దు. లీట్‌కోడ్‌లో డీపీ లెక్కలు పైథాన్‌తో చాలావరకు పాసవుతాయి. సీఎస్ఈఎస్‌లో మాత్రం కాయిన్ కాంబినేషన్స్ రెండోది 100 బిళ్లలు, 10 లక్షల మొత్తం, అంటే 10 కోట్ల అడుగులు, టైమ్ ఒక్క సెకను. మామూలు పైథాన్‌కు అది అందదు. సబ్మిట్ చేసేచోట పైపై (PyPy, పైథాన్‌ను వేగంగా నడిపే రూపం) ఎంచుకోండి, అయినా దాటకపోతే మీ పద్ధతి సరైనదని చిన్న కేసులతో తేల్చుకుని ముందుకు పోండి, ఆ ఒక్క లెక్క కోసం వారం పోగొట్టుకోవద్దు. సెలక్షన్లు అయ్యాక సి ప్లస్ ప్లస్ మొదలుపెడితే ఒక్కటి గుర్తుంచుకోండి. అనంతం కోసం ఇంట్ గరిష్ఠ విలువ పెట్టి దానికి 1 కలిపితే హద్దు దాటిపోతుంది. ఎక్కువసార్లు అది రుణ సంఖ్యగా తిరగబడి, కనిష్ఠం తీసేటప్పుడు అదే గెలిచి కూర్చుంటుంది. నాణేల లెక్కకు 100 కోట్లు పెట్టుకుంటే ఆ గొడవ రాదు.